జియా చిచ్చా చెల్లని ఓటు

మా గుండివాగులో ‘లేదు’ అనడం చేతకాని మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరు జియావుల్లా. చిన్నపిల్లల నుంచి నడివయసు వాళ్ళ దాకా అందరికీ జియా చిచ్చా, అంటే బాబాయి. వెల్డింగ్ పని చేస్తాడు. శుక్రవారానికల్లా గేటు కావాలని నలుగురు అడిగితే నలుగురికీ “అట్లనే” అంటాడు. శుక్రవారం నలుగురూ వచ్చి షాపు ముందు నిలబడితే నలుగురికీ చాయ్ తెప్పిస్తాడు. గేటు మాత్రం ఒకరికే సిద్ధమై ఉంటుంది. మిగతా ముగ్గురూ ఆ చాయ్ తాగుతూనే తిడతారు. ఆయన ఆ తిట్లన్నీ శ్రద్ధగా విని, “నిజమే బిడ్డా, మీరన్నది నిజమే” అని తలూపుతాడు. ఇట్లాంటి మనిషి మీద ఎంతసేపని కోపం పెట్టుకుంటారు?

నేను పెట్టుకోగలను. నా పేరు నవీన. ఈ ఊరి పోస్టాఫీసు నాది. పోస్టాఫీసంటే పెద్ద మేడేమీ కాదు, మా ఇంటి ముందరి గది. దాని కిటికీకి గ్రిల్ చేసిపెట్టమని అడిగితే చిచ్చా ఏడు నెలలు “అట్లనే” అన్నాడు. ఆయన షాపు సరిగ్గా నా గదికి ఎదురుగా, రోడ్డుకు అవతల ఉంది. పదకొండేళ్ళుగా ఆయన గ్రైండర్ మోతలో నేను ముసలివాళ్ళకు పింఛన్లు ఇస్తున్నాను, వాళ్ళకేమో నా మాట వినబడదు. కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కు నాకుంది.

ఇచ్చోడ నుంచి నిర్మల్ వైపు పోతూ హైవే దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికొస్తే మా ఊరు. చిచ్చా ఇక్కడే పుట్టాడు. ఆయన తండ్రి రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడట. సైకిల్ మీద తిత్తి కట్టుకొని ఊరూరా తిరిగేవాడు. స్టీలు గిన్నెలొచ్చి ఆ పనిని మింగేశాయి. అప్పుడు పదిహేనేళ్ళ జియావుల్లా ఆదిలాబాద్ పోయి ఒక షాపులో వెల్డింగ్ నేర్చుకొని, ఆరేళ్ళ తర్వాత ఒక పాత మిషన్ లారీలో వేసుకొని తిరిగొచ్చాడు. నిర్మల్‌కు చెందిన అక్బరీ బేగంను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె మాకందరికీ చాచీ. అత్తగారిల్లు కొయ్యబొమ్మలు చేసే వాళ్ళ వాడకు దగ్గర. అల్లుడు పండక్కి పోతే ఇంట్లో కూర్చోకుండా ఆ బొమ్మల వాళ్ళ దగ్గరే పొద్దంతా కూర్చునేవాడని చాచీ ఇప్పటికీ సాధిస్తుంది.

ఆ కూర్చోవడం ఊరికే పోలేదు. పని అయిపోయాక మిగిలిన ఇనుప ముక్కలతో చిచ్చా బొమ్మలు చేస్తాడు. పాత తాళంకప్పతో కోడిపెట్ట, అరిగిన కొడవళ్ళతో నెమలి, సైకిల్ చైనుతో పాము. నెమలి మా బడి గేటు మీద ఉంది. ఎవరైనా మెచ్చుకుంటే సిగ్గుపడి “టైంపాస్ బిడ్డా” అంటాడు. ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. ఊళ్ళో ఎవరితోనూ చెడలేదు. చెడడానికి ఒకసారైనా కాదనాలి కదా.

అట్లాంటి మనిషిని మొన్నటి సర్పంచ్ ఎన్నికలు పట్టుకొని నలిపేశాయి.

పోటీ ఇద్దరి మధ్య. ఒకరు దశరథం, పత్తి రైతు. చిచ్చాకు మూడో తరగతి నుంచి దోస్తు. ఇద్దరూ ఒకే పలక మీద రాసుకున్నవాళ్ళు. రెండోవాడు రాజయ్య, రెండు ట్రాక్టర్లు, ఒక కారు ఉన్నవాడు. రెండేళ్ళ కిందట చాచీకి కడుపునొప్పి వచ్చి మెలికలు తిరుగుతుంటే తన కారులో నిర్మల్ ఆసుపత్రికి తీసుకుపోయి, ఆపరేషన్ అయ్యేదాకా బయట బెంచీ మీద కూర్చున్నది ఆయనే. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. దశరథం భార్య బాలలక్ష్మి రాజయ్యకు సొంత చెల్లెలు. అంటే పోటీ బావకూ బామ్మర్దికీ మధ్య. నిన్నటిదాకా ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళను పై పార్టీల వాళ్ళు చెరొకరిని పట్టుకొని చెరొక వైపు లాగారు.

పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు. ఇంట్లో వాడుకునే వస్తువులే గుర్తులుగా ఇస్తారు. దశరథానికి మంచం వచ్చింది, రాజయ్యకు బకెట్ వచ్చింది. ఆ సాయంత్రం నుంచి మా ఊరికి పిచ్చి పట్టింది. మంచం వర్గం వాళ్ళు బకెట్లు ఇంటి వెనక దాచిపెట్టి బిందెలతో స్నానాలు మొదలుపెట్టారు. బకెట్ వర్గం వాళ్ళు డిసెంబరు చలిలో ఎండకు మంచం వాల్చుకోవడం మానేసి గోనెసంచుల మీద కూర్చున్నారు. నడుం నొప్పి ఉన్న మా పెద్దనాన్న కూడా నేల మీదే కూర్చున్నాడు, లేవడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. నేను పోస్టాఫీసు ముందు ఎప్పట్లాగే నీళ్ళ బకెట్ పెడితే ఒకడు వచ్చి, “పోస్టమ్మ గూడ అటేనా?” అన్నాడు. వాడి మీద ఆ నీళ్ళు గుమ్మరించకుండా ఊరుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఇద్దరికీ ఊరేగింపుకు పెద్ద గుర్తులు కావాలి. ఇద్దరూ చిచ్చా దగ్గరికే వచ్చారు, వేరే దిక్కెక్కడ? దశరథానికి ఇనుప పైపులతో తొమ్మిదడుగుల మంచం చేసి చక్రాలు పెట్టాడు. రాజయ్యకు డ్రమ్ము రేకులు అతికించి, మనిషి లోపల నిలబడి చేతులూపేంత బకెట్ చేశాడు. దానికి పట్టుకునే కమ్మీ కూడా వంచి పెట్టాడు. రెండింటికీ ఒకే శ్రద్ధ, ఒకే రంగు నునుపు. మంచం తీసుకుపోతూ దశరథం ఆయన భుజం మీద చెయ్యి వేసి, “నీ ఓటు అడుగుడేంది రా, అది నాదే” అన్నాడు. చిచ్చా “అట్లనే” అన్నాడు. మరునాడు బకెట్ తీసుకుపోతూ రాజయ్య, “భాయ్, నన్ను యాదిపెట్టుకో” అన్నాడు. చిచ్చా ఆసుపత్రి బెంచీ తలచుకొని “అట్లనే” అన్నాడు. ఎదురుగా నా గదిలో కూర్చొని రెండూ విన్న నేను, ఈ మనిషి ఇప్పుడు చిక్కుకున్నాడు అనుకున్నాను. గేట్ల సంగతి వేరు, ఓటు సంగతి వేరు.

ఓట్ల రోజు బడిలో ఇంకో తమాషా. సిబ్బంది చేతులు కడుక్కోవడానికి పెట్టుకున్న బకెట్‌ను మంచం వాళ్ళ ఏజెంట్ అరుణ్‌కుమార్ గొడవ చేసి బయటికి పంపించాడు. ముందు రోజు రాత్రి ఎన్నికల అధికారి పడుకోవాల్సిన మంచాన్ని బకెట్ వాళ్ళు అప్పటికే ఎత్తుకుపోయారు. ఆదిలాబాద్ చలిలో బండల మీద పడుకొని లేచిన ఆ అధికారి తెల్లారి ఎవరితోనూ మాట్లాడలేదు.

చిచ్చా ఉదయమే వరుసలో నిలబడి ఓటు వేశాడు. లోపల ఏం జరిగిందో తర్వాత ఆయనే నాకు చెప్పాడు.

“ముద్ర చేతులకు తీసుకున్న బిడ్డా. మంచం బొమ్మ సూస్తే దశరథం మొఖం కొడుతుంది. బకెట్ సూస్తే రాజయ్య మొఖం. ఇద్దరికి నోటితోని చెప్పి ఉంటి. ఒక్కదాని మీద గుద్దితే ఇంకొకనికి అబద్ధం చెప్పినట్టే గదా. రెండింటి మీద గుద్దిన. చెల్లదని ఎర్కే. చెల్లకపోతే ఎవ్వనికి లాభం లేదు, ఎవ్వనికి నష్టం లేదనుకున్న. ఒక్క ఓటుతోని ఏమైతదనుకున్న.”

ఏమైందంటే, దశరథం ఒక్క ఓటుతో ఓడిపోయాడు.

రాజయ్యకు నాలుగు వందల పన్నెండు, దశరథానికి నాలుగు వందల పదకొండు. రెండుసార్లు మళ్ళీ లెక్కపెట్టారు, మారలేదు. చెల్లని ఓట్లు తొమ్మిది. ఎనిమిది కాగితాలు ఏదో ఒక విధంగా ఖరాబైనవి, ముద్ర పడనివి, వేలిముద్ర వేసినవి. తొమ్మిదో కాగితం మీద మాత్రం మంచం పక్కన ఒక ముద్ర, బకెట్ పక్కన ఒక ముద్ర ఉన్నాయి. అదొక్కటి మంచానికి పడి ఉంటే ఇద్దరూ సమానమై చీటీ తీసేవాళ్ళు. చీటీలో ఎవరు గెలిచేవారో దేవుడికెరుక. కానీ ఓడిన వాళ్ళకు అంత ఓపిక ఉండదు. ఆ కాగితం వేసిన ద్రోహి ఎవరు అన్నదే వాళ్ళకు కావాలి.

రెండు రోజుల్లో వాళ్ళొక మనిషిని తేల్చేశారు. పోశవ్వ. డెబ్బై ఏళ్ళ ఒంటరి మనిషి, దశరథం చేనులో ముప్పై ఏళ్ళుగా పత్తి ఏరుతుంది. కళ్ళు సరిగా ఆనవు. ఎన్నికలప్పుడు ఇద్దరూ పంచిన చీరలు తీసుకుంది. ఇద్దరి చీరలూ తీసుకుంది కాబట్టి ఇద్దరికీ వేసిందన్నారు. ఆ చీరలు ఊళ్ళో ఎవరు తీసుకోలేదని? మా ఇంటికీ రెండొచ్చాయి. నేనడిగితే “నీకెందుకమ్మా, నువ్వు నీ ఉత్తరాలు సూసుకో” అన్నారు.

పోశవ్వను ఆ వారం పత్తికి పిలవలేదు. పక్క చేన్ల వాళ్ళూ పిలవలేదు, ఎందుకొచ్చిన గొడవ అని. నల్లా దగ్గర ఆమె వస్తే ఆడవాళ్ళు బిందెలు తీసుకొని పోయేవారు. దశరథం ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. అనేవాళ్ళను ఆపనూ లేదు. అదే నాకు మండింది. మంచివాడనుకున్న మనిషి నోరు మూసుకొని కూర్చుంటే వచ్చే కోపం వేరు.

పింఛను రోజు పోశవ్వ వచ్చింది. వేలు మిషన్ మీద పెట్టమంటే పెట్టకుండా నా చెయ్యి పట్టుకుంది.

“నేను మంచానికే గుద్దిన బిడ్డా. నా కొంగు మీద ఒట్టు. నా చేతులకు పని లేక పదకొండు దినాలైతుంది. ఎవలన్న నాతోని మాట్లాడితే సాలు,” అని గడప మీద కూలబడి ఏడ్చింది.

రోడ్డుకు అవతల గ్రైండర్ ఆగిపోయింది. చిచ్చా ముసుగద్దం పైకెత్తి ఇటే చూస్తున్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆయన ఆ పూట మళ్ళీ మిషన్ ఆన్ చెయ్యలేదు.

ఆ రోజే చాచీకి చెప్పేశాడట. చాచీ మాటలు ముక్కుసూటిగా ఉంటాయి. “జాకే బోలో. ఇప్పుడే పోయి చెప్పు. గా ముసల్దాని ఉసురు మనకెందుకు?” అంది. ఆయన పోయాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు పోయాడు. దశరథం ఇంటి వరండాలో కూర్చొని చాయ్ తాగి తిరిగొచ్చాడు. మూడోసారి పోయినప్పుడు దశరథం తనంతట తానే అన్నాడట, “గా ఓటు ఏసినోడు ఎవడో తెలిస్తే సచ్చేదాక వాని మొఖం సూడ,” అని. దానికి మన చిచ్చా ఏమన్నాడనుకున్నారు? “అట్లనే” అన్నాడు. అని లేచి వచ్చేశాడు. నాకు చెప్తూ ఆయనే తల పట్టుకున్నాడు.

అప్పుడే ఆయన ఇంకొకటి గమనించాడు. ఆ ఇంట్లో మాటలు లేవు. బాలలక్ష్మి చాయ్ కప్పు అరుగు మీద పెట్టి, భర్త వైపు చూడకుండా లోపలికి పోయేది. దశరథం ఆ కప్పు ముట్టుకునేవాడు కాదు. ఓడిన బాధ అనుకున్నాడు చిచ్చా.

ఆయన భయమల్లా ఒక్కటే. చెప్తే యాభై ఏళ్ళ దోస్తానా పోతుంది. చెప్పకపోతే పోశవ్వ బతుకు పోతుంది. ఆయనకు ఇద్దరికీ ‘అట్లనే’ అనే వీలు ఇక్కడ లేదు.

ఇంతలో మంచమూ బకెట్టూ ఆయన షాపుకే తిరిగొచ్చాయి. ఓడినవాడికి మంచం చూస్తే కడుపుమంట, గెలిచినవాడికి బకెట్ పెట్టుకోవడానికి ఇంట్లో జాగా లేదు. తుక్కు కింద వాడుకొమ్మని ఇద్దరూ పడేసి పోయారు. రెండూ షాపు ముందు ఒకదాని పక్కన ఒకటి పడి ఉండేవి. వాటి మీద కుక్కలు పడుకునేవి.

ఒక సోమవారం చిచ్చా షాపు చుట్టూ టార్పాలిన్ కట్టాడు. లోపల నుంచి కోత మిషన్ మోత, మెరుపులు. బాయి దగ్గరి రైతు ఒకడు మోటారు పెట్టె రిపేరుకు వస్తే టార్పాలిన్ చాటు నుంచి, “ఇప్పుడు కాదు. గీ వారం లేదు,” అన్న మాట వినబడింది. నేను రాస్తున్న పెన్ను ఆపేశాను. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ మనిషి నోట ‘లేదు’ విన్నాను. రైతు కూడా నమ్మక మళ్ళీ అడిగాడు. మళ్ళీ లేదనే వచ్చింది.

ఆదివారం పొద్దున టార్పాలిన్ విప్పాడు.

తొమ్మిదడుగుల మంచం నిలువుగా నిలబడి ఉంది. నవారు విప్పేసి, దాని చట్రంలో పాత రేకులు బిగించి సర్పంచ్ ఓటు కాగితం రంగు వేశాడు. నడుమ అడ్డంగా ఇనుప పట్టీలతో గళ్ళు చేశాడు. పై గడిలో చిన్న మంచం, ఎవరో పారేసిన ఊయల చట్రంతో చేసింది. కింది గడిలో పెద్ద బకెట్ నుంచి కోసిన సగం, కమ్మీతో సహా. ఒక్కోదాని పక్కన ఒక్కో ఓటు ముద్ర. కిటికీ మూలలకు వాడే ఎల్ ఆకారం ముక్కలు నాలుగేసి అతికించి చేశాడు. నిలువు మంచం గాలికి పడిపోకుండా, బకెట్ రెండో సగంలో రాళ్ళు నింపి దాని కాళ్ళు అందులో దింపాడు. మంచం నిలబడింది ఆ బకెట్ బలం మీదే. దానికేమైనా అర్థముందా అని తర్వాత అడిగితే, “వట్టిగ నిలబెడితే పడతది గదా బిడ్డా,” అన్నాడు.

పాల కోసం వచ్చినవాళ్ళు ఆగారు. బడి పిల్లలు వచ్చారు. గంటలో ఊరంతా రోడ్డు మీదే ఉంది. చదువు రానివాళ్ళకు కూడా ఇట్టే అర్థమైంది. అందరూ ఇరవై రోజులుగా ఆ కాగితం గురించే మాట్లాడుకుంటున్నారు కదా. అది ఇప్పుడు రేకై, మనిషికి ఒకటిన్నర ఎత్తున వాళ్ళ ముందు నిలబడింది.

“ఇది గా సెల్లని ఓటు గదా?” అన్నారెవరో.

చిచ్చా ముందుకొచ్చాడు. చేతులు నల్లగా ఉన్నాయి, మాట మాత్రం గట్టిగానే వచ్చింది. “అవును. గది నాది. నేనే ఏసిన. పోశవ్వ ఏయలే. ఆమెను ఎవ్వలు ఏమనకుర్రి.”

చాచీ షాపు లోపల స్టూలు మీద కూర్చొని కొంగుతో మూతి మూసుకుంది.

ముందుగా రాజయ్య వచ్చాడు, కొత్త సర్పంచ్ దర్జాతో. బొమ్మ చుట్టూ తిరిగి చూసి మొఖం చిన్నబుచ్చుకున్నాడు. “అంటే భాయ్, నాకెయ్యలేదా నువ్వు?”

“ఏసిన. ఆయనకు గూడ ఏసిన.”

జనంలో ఒకరిద్దరు నవ్వారు. రాజయ్యకు కోపం రావాలో నవ్వాలో తెలియక చిచ్చా వీపు మీద ఒకటి చరిచి పక్కకు నిలబడ్డాడు. గెలిచినవాడికి క్షమించడం సులువే. అసలు మనిషి ఇంకా రాలేదు.

దశరథం వచ్చాడు. వెనక అరుణ్‌కుమార్, ఇంకో పదిమంది. జనం దారి ఇచ్చారు. దశరథం బొమ్మను చూడలేదు, చిచ్చా మొఖంలోకే చూశాడు. చిచ్చా తల దించుకున్నాడు. కొడతాడేమోనని నేను గడప దిగి రోడ్డు దాటాను. అడ్డం పడితే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

“నిజం జెప్పు,” అన్నాడు దశరథం. “నువ్వే ఏసినవా? మా ఇంట్లకెళ్ళి ఎవలన్న గీ తప్పు నిన్ను నెత్తినేసుకొమ్మన్నరా?”

“మీ ఇంట్లకెళ్ళి ఎందుకు జెప్తరు? ముద్ర నా చేతుల ఉండె.”

“ఒట్టు?”

“అల్లా మీద ఒట్టు.”

దశరథం నమ్మలేదు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ అడిగాడు. ఆ అడగడంలో కోపం లేదు. ఏదో దేబిరింపు ఉంది. అప్పుడు బొమ్మకు దగ్గరగా పోయి చూస్తున్న అరుణ్‌కుమార్ కేక పెట్టాడు.

“కాకా, ఇటు రా. గిది సూడు. మంచం పక్కన ముద్ర సక్కగ ఉన్నది. బకెట్ పక్కన ముద్ర జర వంకరగ పోయి కమ్మీని తాకింది. అచ్చం గట్లనే ఉండె గా కాగితం మీద. నేను దగ్గరికెళ్ళి సూసిన. గీ సంగతి నేను ఎవ్వలకు జెప్పలే.”

“రెండోది గుద్దేటప్పుడు చెయ్యి వణికింది,” అన్నాడు చిచ్చా చిన్నగా. “గట్లనే పెట్టిన. ఉన్నదున్నట్టు పెట్టాలె గదా.”

దశరథం వెళ్ళి ఆ వంకర ముద్రను చేత్తో తడిమాడు. కమ్మీకి తాకిన మూల దగ్గర వేలు ఆపాడు. తర్వాత ఉన్నచోటే, రాళ్ళు నింపిన బకెట్ అంచు మీద కూర్చుండిపోయి రుమాలుతో మొఖం కప్పుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చిచ్చా భయపడి పక్కన చతికిలబడ్డాడు.

“తప్పైంది రా దశరథం. నన్ను తిట్టు. కొట్టు. నా మొఖం సూడకపోయినా సరే…”

దశరథం రుమాలు తీశాడు. కళ్ళ నిండా నీళ్ళు, నోరు మాత్రం నవ్వుతోంది. “బతికిచ్చినవు రా,” అన్నాడు. అని చిచ్చా మెడ పట్టుకొని దగ్గరికి లాక్కొని మెల్లగా చెప్పాడు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది. “నేను మా బాలలక్ష్మి అనుకున్న. మొగడు ఒక దిక్కు, అన్న ఒక దిక్కు, ఇంకెవలు ఏస్తరు రెండింటికి? గా దినం సంది దాంతోని మాట్లాడుతలేను. అది పెట్టింది తింటలేను. ఎవలకన్న తెలుస్తదేమోనని పోశవ్వను అంటుంటే సప్పుడు జెయ్యక కూసున్న. సర్పంచ్ పోతే పోయె. ఇల్లు పోయిందనుకున్న రా.”

చిచ్చా నోరు తెరిచి చూశాడు. దోస్తు పోతాడని ఇరవై రోజులు ఈయన నిద్ర మానుకుంటే, భార్య పోయిందని ఆయన తిండి మానుకున్నాడు. ఇద్దరూ ఒకే వరండాలో నాలుగుసార్లు ఎదురెదురుగా కూడా కూర్చున్నారు. నాకు నవ్వూ వచ్చింది, ఇద్దరి నెత్తుల మీదా ఒక్కోటి మొట్టబుద్ధీ అయ్యింది. చిచ్చా ఏడుస్తూ నవ్వడం మొదలుపెట్టాడు. లోపల నుంచి చాచీ “యా అల్లా” అని పెద్దగా ఊపిరి వదలడం రోడ్డు దాకా వినబడింది.

ఆ బొమ్మ ఇప్పటికీ అక్కడే ఉంది. తీసేయమని రాజయ్య ఒకసారి అన్నాడు, పంచాయతీ ముందు పెడదామని ఇంకోసారి అన్నాడు. హైవే మీద పోయేవాళ్ళు ఎవరో విని వచ్చి ఫోటోలు తీసుకుంటున్నారు. అడిగితే చిచ్చా “టైంపాస్” అంటున్నాడు. మంచాలు మళ్ళీ ఎండలోకి వచ్చాయి. అందరి మనసులూ కడిగినట్టు అయిపోయాయని నేను చెప్పను. నల్లా దగ్గర ఇప్పటికీ రెండు గుంపులున్నాయి. కానీ నీళ్ళు పట్టుకునేది మాత్రం బకెట్లతోనే.

ఆ ఆదివారం మాత్రం ఇంకా కొంత మిగిలి ఉంది. జనం వెనక నుంచి బాలలక్ష్మి వచ్చింది. పత్తి ఏరే సంచి నడుముకు కట్టుకొని చేనుకు పోతూ ఆగినట్టుంది. ఎప్పటి నుంచి అక్కడ ఉందో, ఏమేం విన్నదో తెలియదు. భర్త ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. రుమాలు మడిచాడు, విప్పాడు.

“నాతోని తరువాత,” అంది ఆమె. “ముందుగాల పోశవ్వ ఇంటికి నడువు.”

ఆయన నడిచాడు. చిచ్చా నడిచాడు. పోశవ్వ పింఛను పుస్తకం ఇచ్చే నెపంతో నేనూ నడిచాను. పోశవ్వ గుడిసె ముందు కూర్చొని కందులు చెరుగుతోంది. దశరథం చేతులు జోడించి, “నాది తప్పైంది అవ్వా. రేపటి సంది చేనుకు రా,” అన్నాడు. చిచ్చా ఆమె కాళ్ళ దగ్గర కూర్చొని, “ఏసింది నేను, మాటలు పడ్డది నువ్వు,” అన్నాడు. ఆమె చాట పక్కన పెట్టి ఇద్దరినీ కళ్ళు చికిలించి చూసింది. తర్వాత, “పొద్దుగాల ఎన్ని గంటలకు రావాలె?” అంది.

తిరిగి వస్తుంటే చిచ్చా, నేనూ వెనక. దశరథం, బాలలక్ష్మి ముందు. ఇద్దరి మధ్య ఒక బండి పోయేంత జాగా. వాగు దగ్గర మలుపు తిరిగాక ఆమె ఆగింది.

“గీ ఇరవై దినాలు నువ్వు నన్ను అడుగుతవని సూసిన. తిట్టినా మంచిదే, అడుగుతవని సూసిన. అడగకపోతివి.” ఆమె నేరుగా ఆయన మొఖంలోకి చూసింది. “ఇప్పుడన్న అడగవా, నేనెవలకు ఏసిన్నో?”

చిచ్చా నా చెయ్యి పట్టుకొని ఆపేశాడు.

దశరథం ఆమె నడుము నుంచి పత్తి సంచి విప్పి తన భుజాన వేసుకున్నాడు.

“అడగ,” అన్నాడు. “నువ్వు అన్నకే ఏసి ఉన్నా సరే, నేను అడగ. పొద్దటి సంది ఏం తినలే, ఇంటికి వోయి జర అన్నం పెట్టు.”